రాగి గొట్టం, అతుకు, పనిముట్టు: ఏసీ పనిలో ఫ్లేరింగ్, స్వేజింగ్ సాధనాల ఎంపిక



కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో వేసవి ఎండకు సముద్రపు తేమ తోడై, చెమట ఆరని ఉక్కపోత రాత్రి పొద్దుపోయేదాకా వదలదు. అందువల్లనే ఒకప్పుడు సినిమా హాళ్లకూ పెద్ద కార్యాలయాలకూ పరిమితమైన ఎయిర్ కండిషనర్ నేడు తెనాలి బజారులోని దుకాణాలకూ, బాపట్లలోని కళాశాలల పరిసరాలకూ, సూర్యలంక తీరంలోని విడుదులకూ, రేపల్లెలోని మధ్యతరగతి ఇళ్లకూ చేరింది. ఈ యంత్రం చల్లదనం తగ్గిందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు తరచుగా బయటపడే కారణం గ్యాస్ లీక్ కాగా, ఇంట్లో బిగించిన ఏసీలో ఆ లీక్ ఎక్కువగా కనిపించేది రాగి గొట్టాల అతుకుల దగ్గర. మూసి ఉన్న వలయంలో తిరిగే గ్యాస్ వాడకం వల్ల అరిగిపోయే వస్తువు కాదు కనుక, ఏటా వేసవి రాగానే గ్యాస్ నింపించవలసి వస్తున్నదంటే ఆ వలయంలో ఎక్కడో ఒకచోట లీక్ ఉన్నదనే అర్థం. అతుకు కుదరడం మెకానిక్ చేతి నేర్పు మీద ఎంత ఆధారపడుతుందో అతని చేతిలోని పనిముట్టు మీద కూడా అంతే ఆధారపడుతుంది. ఆ పనిముట్లలో ముఖ్యమైన ఫ్లేరింగ్, స్వేజింగ్ సాధనాలను ఎలా ఎంచుకోవాలన్నది ఈ ప్రసంగ విషయం.

స్ప్లిట్ ఏసీలో గదిలోని ఇండోర్ యూనిట్‌నూ, బయటి గోడ మీదనో మేడ మీదనో ఉండే ఔట్‌డోర్ యూనిట్‌నూ రెండు రాగి గొట్టాలు కలుపుతాయి. వాటిలో సన్నది ద్రవరూపంలోని గ్యాస్‌ను ఇండోర్ యూనిట్ వైపు తీసుకువెళితే, లావుది వేడిని గ్రహించి ఆవిరైన గ్యాస్‌ను కంప్రెసర్‌కు తిరిగి చేరుస్తుంది. సాధారణ గృహ యంత్రాల్లో సన్న గొట్టం పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్ల బయటి వ్యాసంతోనూ, లావు గొట్టం యంత్రం సామర్థ్యాన్ని బట్టి 3/8, 1/2, 5/8 అంగుళాల్లో ఏదో ఒక కొలతతోనూ ఉంటాయి. రెండు గొట్టాలకు రెండేసి కొసల చొప్పున నాలుగు చోట్ల ఫ్లేర్ అతుకు వేయాలి. గొట్టం కొసను గరాటు నోటిలా వెలుపలికి విప్పి, ఇత్తడి కూడలి మీది వాలు ముఖానికి ఆనించి, ఫ్లేర్ నట్‌తో బిగించడమే ఫ్లేర్ అతుకు. ఇందులో రబ్బరు వాషరు గాని జిగురు గాని ఉండవు, లోహం లోహానికి ఒత్తుకోవడం వల్లనే గ్యాస్ ఆగుతుంది. స్వేజింగ్ ఇందుకు భిన్నమైనది. ఒక గొట్టం కొసను, అదే కొలత గల మరో గొట్టం లోపలికి దిగేటంత వెడల్పు చేసి, రెండింటినీ కలిపి కరిగించిన మిశ్రలోహపు కడ్డీతో అతికిస్తారు. మెకానిక్కులు వాడుకలో వెల్డింగ్ అనే ఈ అతికింపుకు శాస్త్రీయ నామం బ్రేజింగ్. ఫ్లేర్ అతుకును విప్పి మళ్లీ వేయవచ్చు, స్వేజ్ చేసి బ్రేజింగ్ చేసిన అతుకు శాశ్వతం. ఈ భేదమే రెండు పనిముట్ల ఎంపికకూ మూలం.

పనిముట్ల విషయంలో ఇటీవలి కాలంలో పట్టింపు పెరగడానికి ప్రధాన కారణం గ్యాస్ మారడం. దశాబ్దాల పాటు ఏసీల్లో వాడిన ఆర్-22 ఓజోన్ పొరకు హాని చేస్తుంది కనుక, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందాన్ని అనుసరించి దాని వాడకాన్ని దశలవారీగా తగ్గిస్తున్నారు. కొత్త పరికరాల తయారీలో దీనిని 2025 జనవరి 1 నాటికి నిలిపివేయాలని భారతదేశం ప్రణాళిక వేసుకున్నది. దాని స్థానంలో వచ్చిన ఆర్-410ఎ, ఆర్-32 వాయువులు ఓజోన్ పొరను దెబ్బతీయవు గాని, ఒకే ఉష్ణోగ్రత వద్ద ఆర్-22 కన్నా సుమారు 1.6 రెట్ల పీడనంతో పనిచేస్తాయి. ఔట్‌డోర్ యూనిట్‌లో గ్యాస్ 50 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవంగా మారుతున్నదనుకుంటే, అక్కడ ఆర్-22 పీడనం దాదాపు 19 బార్లు ఉండగా, ఆర్-410ఎ, ఆర్-32ల పీడనం 30 బార్లు దాటుతుంది. ఒక బారు ఇంచుమించు వాతావరణ పీడనానికి సమానమని గుర్తుంచుకుంటే ఆ అతుకు మీద పడే ఒత్తిడి ఎంతటిదో తెలుస్తుంది. పైగా ఆర్-32 స్వల్పంగా మండే స్వభావం గలది, కొన్ని యంత్రాల్లో వాడే ఆర్-290 అంటే ప్రొపేన్, అది వంటగ్యాస్ మాదిరిగానే తేలికగా అంటుకుంటుంది. ఆర్-22 రోజుల్లో లోపం ఉన్న అతుకు కూడా ఏదో విధంగా ఒక వేసవి గడిపేది. నేటి యంత్రాల్లో ఆ వెసులుబాటు లేదు.

ఫ్లేరింగ్ సాధనంలో రెండు ముఖ్య భాగాలుంటాయి. వేర్వేరు కొలతల రంధ్రాలతో, రెండు సగాలుగా విడివడి గొట్టాన్ని బిగపట్టే దిమ్మె ఒకటి. ఆ దిమ్మెకు తగిలించి మర తిప్పుతూ ఉంటే గొట్టం నోటిలోకి దిగి దానిని విప్పే శంకువు గల చట్రం మరొకటి. శంకువు దిగే తీరును బట్టి ఈ సాధనాలు రెండు జాతులు. మొదటి జాతిలో శంకువు గొట్టం నడిమధ్యన నిలిచి నేరుగా కిందికి ఒత్తుతుంది; చవకైన కిట్లలో సాధారణంగా దొరికేది ఇదే. ఈ ఒత్తిడిలో ఎక్కడ ఆపాలన్నది చేతికి తెలియవలసిందే తప్ప పనిముట్టు చెప్పదు కనుక, కొంచెం ఎక్కువ తిప్పితే రాగి నలిగి పలచబడుతుంది, కొంచెం తక్కువైతే అంచు పూర్తిగా విప్పుకోదు. రెండవ జాతిలో శంకువు గొట్టం మధ్యరేఖకు కొద్దిగా పక్కకు జరిగి ఉండి, మర తిరిగేకొద్దీ గొట్టం నోటి చుట్టూ దొర్లుతూ రాగిని కొద్దికొద్దిగా విప్పుతుంది. అందువల్ల లోహం ఒకచోట పలచబడి మరోచోట మందంగా మిగలదు, ముఖం అద్దం వలె నునుపుతేరుతుంది. ఈ జాతి సాధనాల్లో మేలైన వాటికి క్లచ్ అనే ఏర్పాటు ఉంటుంది. ఫ్లేర్ పూర్తి కాగానే పిడి తనంతట తానే జారిపోయి, అంతకుమించి ఒత్తనివ్వదు. అధిక పీడన వాయువులతో పనిచేసే మెకానిక్‌కు పక్కకు జరిగిన శంకువూ, క్లచ్ రెండూ ఉన్న సాధనమే సరైనది.

శంకువు కోణాన్ని కొనేముందే చూసుకోవాలి. ఏసీ, ఫ్రిజ్ పనుల్లో ఫ్లేర్ ముఖం 45 డిగ్రీల వాలుతో ఉండాలి. భారీ యంత్రాల హైడ్రాలిక్ గొట్టాలకు వాడే 37 డిగ్రీల సాధనాలు కూడా కంటికి ఇంచుమించు ఇలాగే కనిపిస్తాయి గాని, వాటితో చేసిన ఫ్లేర్ ఏసీ కూడలి మీద పూర్తిగా ఆనదు. అలాగే అంగుళాల కొలతలకూ మిల్లీమీటర్ల కొలతలకూ దిమ్మెలు వేరువేరు, 6.35 మిల్లీమీటర్ల గొట్టాన్ని 6 మిల్లీమీటర్ల రంధ్రంలో బిగిస్తే గొట్టం నలిగిపోతుంది, కాస్త పెద్ద రంధ్రంలో బిగిస్తే ఒత్తిడికి వెనక్కి జారి ఫ్లేర్ చిన్నదవుతుంది.

ఫ్లేర్ బాగా వచ్చిందో లేదో కంటిచూపుతో అంచనా వేయడం చాలదు, వెర్నియర్ కాలిపర్‌తో కొలవాలి. ఆర్-410ఎ, ఆర్-32 యంత్రాలకు తయారీదారులు సాధారణంగా సూచించే ఫ్లేర్ బయటి వ్యాసం పావు అంగుళం గొట్టానికి 8.7 నుంచి 9.1 మిల్లీమీటర్లు, 3/8 అంగుళానికి 12.8 నుంచి 13.2, అర అంగుళానికి 16.2 నుంచి 16.6, 5/8 అంగుళానికి 19.3 నుంచి 19.7 మిల్లీమీటర్లు. ఈ కొలత రావాలంటే గొట్టం దిమ్మె పైకి ఎంత ఎత్తున నిలబడాలన్నది సాధనాన్ని బట్టి మారుతుంది. అధిక పీడన వాయువుల కోసం రూపొందించిన క్లచ్ సాధనంలో ఆ ఎత్తు సున్నా నుంచి అర మిల్లీమీటరు కాగా, సీతాకోకచిలుక రెక్కల వంటి నట్లు గల పాత రకం సాధనంలో 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంచాలి. మంచి సాధనాల్లో ఈ ఎత్తును నిర్ణయించే ఆనిక అమర్చి ఉంటుంది. అటువంటి ఆనిక ఉంటే పదవ ఫ్లేర్ కూడా మొదటి ఫ్లేర్ కొలతతోనే వస్తుంది, పనిముట్టు నుంచి మెకానిక్ కోరవలసింది కూడా ఈ నిలకడనే.

కొనేటప్పుడు పరీక్షించే పద్ధతి తేలికైనదే. గుంటూరులోనో విజయవాడలోనో దుకాణానికి వెళ్లే మెకానిక్ రోజూ వాడే రకం రాగి గొట్టపు ముక్కలు కొన్ని వెంట తీసుకువెళ్లి, ఒకే కొలతలో నాలుగైదు ఫ్లేర్లు అక్కడికక్కడే చేసి చూడాలి. వాటి వ్యాసాలు ఒకదానికొకటి సరిపోవాలి; ముఖం మీద గీతలు, మెట్లు, పగుళ్లు ఉండకూడదు; అంచు చుట్టూ మందం సమానంగా ఉండాలి; దిమ్మె పళ్లు గొట్టం మీద లోతైన గాట్లు పెట్టకూడదు; ఫ్లేర్ నట్‌ను పైకి జరిపితే అది అంచును పూర్తిగా పట్టుకోవాలి గాని నట్ లోపలి మరలకు ఫ్లేర్ అంచు రాసుకోకూడదు. శంకువు ముఖాన్ని గోటితో తడిమితే ఏ గరుకూ తగలకూడదు, ఎందుకంటే శంకువు మీది ప్రతి గీతా ఫ్లేర్ మీద అచ్చుపడుతుంది, ఆ గీతే గ్యాస్ బయటికి పోయే దారి అవుతుంది.

స్వేజింగ్ సాధనాలు నాలుగు రకాలు. మొదటిది సుత్తితో కొట్టే పంచ్; గొట్టాన్ని దిమ్మెలో బిగించి, మెట్టు గల ఉక్కు కడ్డీని లోపలికి దించడం దీని పద్ధతి. ధర తక్కువ, చెడిపోయే భాగాలు లేవు. అయితే దెబ్బ వంకరగా పడితే గొట్టం నోరు ఒక పక్కకు ఒరుగుతుంది, గోడకు బిగించి ఉన్న గొట్టం మీద సుత్తి ఎత్తడానికి చోటు దొరకదు. రెండవది ఫ్లేరింగ్ చట్రానికే శంకువు బదులు తగిలించే మర పద్ధతి. ఇందులో ఒత్తిడి నిదానంగా పడడం వల్ల నోరు సూటిగా వస్తుంది, ఇరుకు చోట్ల కూడా పనిచేస్తుంది. మూడవది రెండు పిడులను దగ్గరకు నొక్కితే తల లోపలి ముక్కలు విచ్చుకుని గొట్టాన్ని సమానంగా వెడల్పు చేసే ఎక్స్‌పాండర్. ఒక్కో కొలతకు ఒక్కో తల మార్చుకుంటూ క్షణాల్లో పని ముగించవచ్చు. నాలుగవది చేతి పంపుతో నూనె పీడనం పుట్టించి నడిపే హైడ్రాలిక్ సాధనం. పెద్ద వ్యాసాల గొట్టాలు వాడే హోటళ్లు, ఆసుపత్రుల పనులకు ఇది తగినది గాని, ఇళ్ల పనులకు ఇంత ఖర్చు అవసరం లేదు. గృహ యంత్రాలే ఎక్కువగా చేసే మెకానిక్‌కు మర పద్ధతి సాధనంతో ప్రారంభించి, పని పెరిగాక ఎక్స్‌పాండర్ కొనుక్కోవడం మంచిది.

స్వేజ్ నాణ్యతకు ప్రమాణాలు రెండు. లోపలికి దిగే గొట్టం పొడవు కనీసం దాని వ్యాసమంత ఉండాలన్నది పనివారు పాటించే నియమం. రెండు గొట్టాల నడుమ ఖాళీ మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ ఉండాలన్నది రెండవది. ఆ సన్నని సందులోకి కరిగిన లోహం తనంతట తానే పాకిపోతుంది. ఈ గుణాన్ని కేశనాళికా చర్య అంటారు. సందు ఎక్కువైతే లోహం పాకక పైపైన పేరుకుంటుంది, తక్కువైతే లోపలికే పోదు. రాగికి రాగిని అతికించడానికి భాస్వరం కలిసిన రాగి కడ్డీ చాలు, వేరే ఫ్లక్స్ అవసరం లేదు. బ్రేజింగ్ చేస్తున్నంత సేపూ గొట్టంలో నైట్రోజన్ సన్నగా పారుతూ ఉండాలి, లేకుంటే లోపలి గోడ మీద నల్లని పొర ఏర్పడి రాలి, సన్న నాళాలకూ వడపోతకూ అడ్డుపడుతుంది. గొట్టాలను కలిపే కప్లింగ్ కొని వాడితే రెండు చోట్ల బ్రేజింగ్ చేయాలి, స్వేజ్ చేస్తే ఒక్క చోటే చాలు. ఒక అతుకు తగ్గడమంటే లీక్ కావడానికి ఒక చోటు తగ్గడమే. మండే స్వభావం గల గ్యాస్ గొట్టంలో మిగిలి ఉండగా మంట వెలిగించడం ప్రాణాంతకం కనుక, గ్యాస్‌ను పూర్తిగా తీసి, గది తలుపులు తెరిచి, నైట్రోజన్‌తో గొట్టాన్ని శుభ్రపరచిన తరువాతనే బ్రేజింగ్‌కు పూనుకోవాలి.

ఫ్లేరింగ్ గాని స్వేజింగ్ గాని మెత్తని గొట్టం మీదనే చేయాలి. చుట్టలుగా దొరికే రాగి గొట్టం వేడిచేసి మెత్తబరచినది కనుక తేలికగా విచ్చుకుంటుంది. నిలువు కడ్డీలుగా దొరికే గట్టి గొట్టాన్ని నేరుగా విప్పితే అంచు చీలుతుంది, ముందుగా ఆ కొసను ఎర్రబడేదాకా కాల్చి చల్లారనివ్వాలి. గొట్టం కోయడానికి హాక్సా వాడితే రాగి రజను లోపలికి రాలి కంప్రెసర్‌ను దెబ్బతీస్తుంది కాబట్టి చక్రపు బ్లేడు గల పైప్ కట్టరే వాడాలి, లోపలి అంచున మిగిలే మొనలను రీమర్‌తో తీసేటప్పుడు గొట్టం నోరు కిందికి ఉండేలా పట్టుకోవాలి. ఫ్లేర్ నట్‌ను ముందే గొట్టానికి ఎక్కించాలి, ఫ్లేర్ ముఖానికి ఆ యంత్రంలో వాడే నూనెనే ఒక చుక్క రాయాలి. కుళాయి పనుల్లో వాడే తెల్ల టేపు ఇక్కడ పనికిరాదు. చివరి బిగింపుకు రెండు పానాలు కావాలి, వాటిలో ఒకటి టార్క్ రెంచ్, అంటే నిర్ణయించిన బలం చేరగానే శబ్దంతో తెలిపే పానా అయి ఉండాలి. తయారీదారులు సాధారణంగా సూచించే బిగింపు పావు అంగుళానికి 14 నుంచి 17 న్యూటన్ మీటర్లు, 3/8కు 33 నుంచి 40, అర అంగుళానికి 50 నుంచి 60, 5/8కు 62 నుంచి 75. అతిగా బిగిస్తే ఫ్లేర్ మెడ దగ్గర పలచబడి, నేడు నిలిచిన అతుకు కొన్ని నెలలకు తెగుతుంది.

తీరప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. సూర్యలంక వైపునా, నిజాంపట్నం రేవు వైపునా వీచే ఉప్పుగాలి ఔట్‌డోర్ యూనిట్ అల్యూమినియం రెక్కలను తినివేయడమే గాక, ఉక్కు పనిముట్లను కూడా త్వరగా తుప్పు పట్టిస్తుంది. ఫ్లేరింగ్ దిమ్మె పళ్లలో తుప్పు చేరితే గొట్టం జారుతుంది, శంకువు మీద చేరితే ఫ్లేర్ మీద గీతలు పడతాయి; అందుచేత పని ముగియగానే పొడి గుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాసి, మూత గల పెట్టెలో దాచడం రేపల్లె, బాపట్ల మెకానిక్కులకు నిత్యకృత్యం కావాలి. తేమతో కూడిన గాలిలో అమోనియా ఉన్నచోట, అంటే పశువుల కొట్టాలు, కోళ్ల ఫారాలు, మరుగుదొడ్ల సమీపంలో, ఒత్తిడిలో ఉన్న ఇత్తడి క్రమంగా పగులుతుంది. అటువంటి చోట అతిగా బిగించిన నట్ ఇంకా త్వరగా చీలుతుంది. చేపల రేవుల్లోని మంచు కర్మాగారాల్లో అమోనియానే శీతలీకరణ వాయువుగా వాడినప్పుడు గొట్టాలన్నీ ఉక్కువే ఉంటాయి, రాగికీ ఇత్తడికీ అక్కడ చోటు లేదు. కనుక ఇక్కడ చెప్పిన సాధనాలు ఆ పనికి వర్తించవు.

బ్యాటరీతో నడిచే ఫ్లేరింగ్ యంత్రాలు ఇప్పుడు మార్కెట్లోకి వచ్చాయి. రోజుకు ఎన్నో యంత్రాలు బిగించే సంస్థలకు అవి శ్రమనూ కాలాన్నీ ఆదా చేస్తాయి. అయితే వాటి ధరతో మంచి క్లచ్ సాధనం, టార్క్ రెంచ్, కట్టరు, రీమర్ అన్నీ సమకూరుతాయి కనుక, కొత్తగా వృత్తిలోకి వచ్చినవారు ముందు వాటిని కొనుక్కోవడమే వివేకం. ఖర్చు పెట్టే వరుసలో క్లచ్ గల 45 డిగ్రీల ఫ్లేరింగ్ సాధనం మొదటిది, టార్క్ రెంచ్ రెండవది, మర పద్ధతి స్వేజింగ్ సాధనం మూడవది, ఎక్స్‌పాండర్ నాలుగవది, బ్యాటరీ యంత్రం చివరిది. ఏ పనిముట్టుతో చేసినా, నైట్రోజన్‌ను రెగ్యులేటర్ ద్వారా నింపి, తయారీదారు చెప్పిన పీడనం వద్ద సబ్బు నీటితో ప్రతి అతుకునూ పరీక్షించి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలినీ తేమనూ తీసిన తరువాతనే గ్యాస్ వదలాలి. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ నింపితే నూనెతో కలిసి పేలుతుంది, ఆ పని ఎన్నడూ చేయరాదు.

ఐటీఐల్లో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్ కోర్సు రెండేళ్లు చదివి, ఈ డెల్టా పట్టణాల్లో సొంతంగా పని మొదలుపెట్టే యువకులు తొలి సంపాదనలో కొంత భాగాన్ని మంచి ఫ్లేరింగ్ సాధనానికి కేటాయించాలి. చవకగా దొరికిన పనిముట్టు చేసే నష్టాన్ని తిరిగి పిలిచిన ప్రతి ఇంటిలోనూ వారే భరించవలసి వస్తుంది. ఇల్లు మారి ఏసీని మరోచోట బిగించుకునే గృహస్థులు పాత ఫ్లేర్లను కోసివేసి కొత్తవి చేయమని అడగాలి. గదిలోపలి ఫ్లేర్ అతుకును మళ్లీ వాడేటప్పుడు ఫ్లేర్‌ను కొత్తగా చేయాలని ఆర్-32 యంత్రాల సూచనల్లో తయారీదారులే చెబుతున్నారు. కొలిచి చేసిన ఫ్లేర్, కొలిచి బిగించిన నట్, పరీక్షించి చూసిన అతుకు, ఈ మూడూ ఉన్నాయా అని మెకానిక్‌ను అడగడం గృహస్థుని హక్కు, ఉన్నాయని చూపించడం మెకానిక్ ధర్మం.